నా ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఎక్సెల్ ఎక్కడుంది?

రెండు రోజుల ఎక్సెల్ ట్రైనింగ్ ముగించుకుని గదికొచ్చి, కాలికి ఊతంగా కట్టుకునే కాలిపర్ విప్పి పక్కన పెట్టి, ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్ట ముందేసుకున్నాను. మొత్తం 22. ఒక్కటి తప్ప అన్నిట్లోనూ 5కి 5. కామెంట్ల దగ్గర "మీరు మాకు స్ఫూర్తి మేడమ్", "మీ ఆత్మవిశ్వాసానికి జోహార్లు". ఒకరైతే "మిమ్మల్ని చూశాక నా కష్టాలు అసలు కష్టాలే కావనిపించింది" అని రాశారు. "ఈ శిక్షణలో ఏం నేర్చుకున్నారు?" అన్న గడి మాత్రం 14 ఫారాల్లో ఖాళీ.

పెద్ద డేటాని చిటికెలో కుదించి చూపించే పివట్ టేబుల్ మీద రెండు గంటలు గొంతు చించుకున్నానండీ. దాని మాటేమిటి?

నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్, ఎడమచేతిలో క్రచ్, అంటే ఊతకర్ర. ట్రైనర్‌గా 15 ఏళ్లు దాటింది. ఈ 15 ఏళ్లలో క్లాసులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చిక్కంతా అక్కడే ఉంది. తిట్టినవాళ్లనైతే నిలదీయొచ్చు, దండం పెట్టేవాళ్లని ఏమంటాం?

మా వృత్తిలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ పేరు వినని వాళ్లుండరు. శిక్షణని నాలుగు మెట్లుగా కొలవాలని 1959లోనే రాశాడాయన. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దాని వల్ల సంస్థకి ఏమైనా ఒరిగిందా అని. ఫీడ్‌బ్యాక్ ఫారం అందులో మొదటి మెట్టే. అక్కడ మొహమాటం మార్కులు ప్రతి ట్రైనర్‌కీ కొన్ని పడతాయి. నాకైతే తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికే అయిదూ పడిపోతాయి. ఆ తర్వాత బాగా చెప్పినా, సొల్లు చెప్పినా ఒకటే. ఏ పాఠం తేలిపోయిందో, ఎక్కడ వాళ్లకి నిద్రొచ్చిందో నాకెలా తెలియాలి?

ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని ఒక జర్నలిస్టు ఉండేవారు, కమెడియన్ కూడా. చక్రాల కుర్చీ వాడేవారు. 2014లో ఒక టెడెక్స్ ప్రసంగంలో తన టీచర్ రోజుల సంగతి చెప్పారు. మెల్‌బోర్న్‌లో ఒక హైస్కూల్లో న్యాయశాస్త్రం పాఠం మొదలుపెట్టి 20 నిమిషాలైందట. ఒక కుర్రాడు చెయ్యెత్తి, మీ స్పీచ్ ఎప్పుడు మొదలుపెడతారు మిస్ అని అడిగాడు. ఏం స్పీచ్ అంటే, అదే, స్ఫూర్తినిచ్చే స్పీచ్! చక్రాల కుర్చీలో ఎవరైనా బడికొస్తే అందుకే వస్తారు కదా అని వాడి లెక్క. ఆ కుర్రాడు నాకు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తాడు. వాడే నయం, పైకి అడిగేశాడు.

పోనీ, ఇంత భక్తి ఉన్నవాళ్లు నా పనికి కావలసింది చేస్తారా అంటే, అదీ లేదు. కాలర్ మైకు కావాలని వారం ముందే మెయిల్ పెడతాను. "తప్పకుండా మేడమ్" అంటారు. తీరా వెళ్తే చేతి మైకు. ఎడమచేతిలో క్రచ్, కుడిచేతిలో మైకు. ఇంక స్లైడ్లు మార్చే క్లిక్కర్ పళ్లతో పట్టుకోవాలా? బోర్డు మీద రాయడానికి మార్కరో? ఈలోగా ఒకమ్మాయి నవ్వుతూ వచ్చి పూలగుత్తి అందిస్తుంది. పూలగుత్తికి మనిషిని పంపినవాళ్లు మైకుకి పంపలేకపోయారు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, మరీ భారం కాని సర్దుబాటు చేయడానికి నిరాకరిస్తే అది కూడా వివక్షేనంటుంది. కాలర్ మైకు ఎవరికి భారం? (దివ్యాంగులు అనాలి కదా అని సరిదిద్దబోయేవాళ్లకి ఓ మాట. నా కాల్లో దివ్యమైనదేమీ లేదు, పోలియో ఉంది.)

వేదికల సంగతి ఇంకో కథ. "ర్యాంప్ ఉంది మేడమ్" అని గర్వంగా చూపిస్తారు. మంచిదే, చక్రాల కుర్చీకి అది ఉండి తీరాలి. అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉంచాలన్నది చాలాచోట్ల పాటించే కొలత కూడా. కానీ కాలిపర్‌తో వాలు దిగడమంటే నాకు గుండెదడ. పట్టుకోవడానికి కమ్మీ ఉంటే నాలుగు మెట్లే నయం. అన్ని వేదికలకీ మెట్లుంటాయి, కమ్మీ ఉండదు. అడిగితే ఇద్దరు పరిగెత్తుకొచ్చి చెరో రెక్కా పట్టుకుంటారు. క్రచ్ ఉన్న చెయ్యి పట్టుకుంటే నేను పడతాను నాయనా, ఆ చెయ్యే నా కాలు! విసుగొచ్చి వేదిక ఎక్కడం మానేశాను. కిందే నిలబడి చెబుతున్నాను. "ఎంత సింపుల్‌గా ఉంటారో" అని దానికీ పొగడ్తే.

నిలబడి అన్నాను కదా, అసలు మంట అక్కడుంది. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్లకి కండరాలు మళ్లీ బలహీనపడొచ్చు. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. చచ్చిపోయిన నరాల పని కూడా మిగిలినవి ఇన్నేళ్లూ మోసి, చివరికి అవీ అలసిపోవడమే కారణమని డాక్టర్లు ఎక్కువగా చెప్పేమాట. ఇందులో పళ్లు బిగించి ముందుకెళ్లడం పనికిరాదు. అతిగా శ్రమపడితే ఇంకా దిగజారుతుంది. అందుకని రెండేళ్లుగా మధ్యాహ్నం సెషన్ ఎత్తు స్టూలు మీద కూర్చుని చెబుతున్నాను.

మొన్న ఒక కోఆర్డినేటర్ పక్కకి పిలిచి, "కూర్చుని చెబితే ఆ ఎనర్జీ రావట్లేదేమో మేడమ్" అన్నాడు. ఒళ్లు మండింది. పొద్దున కాలు వణుకుతూ నిలబడ్డప్పుడు ఫోన్‌లో వీడియో తీసింది ఈయనే! అంటే వీళ్లకి నేను అవస్థ పడుతూ కనబడాలి. హాయిగా కూర్చుని పని చేసుకుంటే మామూలు మనిషినైపోతాను, మామూలు మనిషికి చప్పట్లుండవు.

అయిదు పడని ఆ ఒక్క ఫారం సంగతి చెప్పలేదు. అందులో 2. "మధ్యాహ్నం బాగా సాగదీశారు. వీ-లుకప్ మాత్రం పరుగులు పెట్టించారు. స్క్రీన్ మీద అంకెలు వెనక వరసకి కనపడలేదు" అని రాశారు. (వీ-లుకప్ అంటే పట్టికలోంచి మనకి కావలసింది వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా.) నా కాలు గురించి ఒక్క ముక్క లేదు. చదవగానే చురుక్కుమన్న మాట నిజం, రాత్రి భోజనం దాకా తిట్టుకున్నాను కూడా. మళ్లీ తీసి చదివితే మూడూ నిజమే. ఫారం మీద పేరు లేదు.

వచ్చే వారం కొత్త బ్యాచ్. షీటు జూమ్ 160కి పెంచాను. వీ-లుకప్‌కి అరగంట కలిపి, చార్టుల సోది కోసేశాను. స్టూలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.