బయోచార్‌ను పశువుల ఎరువుతో మాగబెట్టి వేయాలి

కూరగాయల మడుల్లో బయోచార్ (పంట వ్యర్థాలు, కట్టె వంటివాటిని గాలి అంతగా తగలకుండా కాల్చి చేసే బొగ్గు) వేస్తే ఎరువుల నష్టం ఆగిపోతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. బెంగళూరు శివార్లలో, హోసకోటె వైపు ఎర్రనేలలో టమాటా, బీన్స్ పండించే మావంటి వారికి ఇది ఎంతో అవసరమైన విషయం. ఎందుకంటే పోషకాలను పట్టి ఉంచే శక్తి ఈ నేలలకు సహజంగానే తక్కువ, గట్టి వానలు పడితే యూరియా నుంచి ఏర్పడిన నైట్రేట్ వేళ్లకు అందని లోతుకు దిగి, చివరకు మనం తాగే బోరునీటిలోకే చేరగలదు.

అయితే "ఆగిపోతుంది" అన్న మాటను సవరించాలని నా మనవి. బయోచార్ ఉపరితలంపై ప్రధానంగా రుణావేశం ఉంటుంది కాబట్టి అది అమ్మోనియం, పొటాషియం వంటి ధనావేశ అయాన్లను పట్టుకుంటుంది, కానీ తానూ రుణావేశం గల నైట్రేట్‌ను అంతగా నిలపలేదు. అందుకే నష్టం తగ్గవచ్చు గానీ పూర్తిగా ఆగదు. యూరియాను ఒకేసారి కాక విడతలుగా వేయడం అప్పుడూ తప్పదు.

తాజా బొగ్గును నేరుగా వేస్తే మొదట్లో నత్రజని పైరుకు అందక ఆకులు పసుపుబారవచ్చు. నేను తొలిసారి ఆ పొరపాటే చేశాను. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడిపి, కొన్ని వారాలు మాగనిచ్చాకే వేయాలి. సున్నపు నేలలవారు మాత్రం ముందుగా భూసార పరీక్ష చేయించుకోవాలి. బయోచార్ చాలావరకు క్షారగుణం కలది కనుక అక్కడ ఎరువులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోయే నష్టం పెరిగే అవకాశం ఉంది.