ఫైబర్ బోట్లలో గ్రాఫీన్: బలం సంగతి తర్వాత, ముందు ఉప్పునీటి సంగతి

భావనపాడు, కళింగపట్నం తీరంలో ఇప్పుడు వేటకు వెళ్లేవి ఎక్కువగా ఫైబర్ బోట్లే. గాజు పీచు మ్యాట్ పరిచి, ఆరితే గట్టిపడే జిగురులాంటి రెజిన్ పూసి, రోలర్‌తో గాలి పోయేలా ఒత్తి, పొర మీద పొర వేసి కడతారు. ఆ రెజిన్‌లో కాస్త గ్రాఫీన్ కలిపితే బోటు బలం ఎన్నో రెట్లు పెరుగుతుందన్న ఆశ ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి ఉంది. వాళ్ల ఉత్సాహం నాకు ఇష్టమే. కానీ మన తీరానికి గ్రాఫీన్‌తో నిజంగా పని పడేది బలం దగ్గర కాదు, నీటిని ఆపే దగ్గర.

గ్రాఫీన్ ఒక్క కార్బన్ పరమాణువు మందం ఉండే రేకు. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ గ్రాఫైట్‌కు టేపు అంటించి ఊడదీస్తూ దాన్ని వేరు చేశారు. 2010లో నోబెల్ అందుకున్నారు. లాగితే సాగకుండా నిలిచే గుణం దానికి సుమారు 1,000 గిగాపాస్కల్స్. ఎపాక్సీ రెజిన్‌కు 3 దగ్గర. కాగితం మీద లెక్క వేస్తే, ఘనపరిమాణంలో 1 శాతం గ్రాఫీన్ చేరినా 3 కాస్తా 13 కావాలి. అలా కావాలంటే రేకులన్నీ లాగే దిక్కుకే పరుచుకోవాలి, రెజిన్ వాటిని జారకుండా పట్టుకోవాలి. నిజానికి అవి ముడతలు పడి, తలో దిక్కుకి ఉంటాయి. పైగా బోటులో బరువు మోసే గాజు పీచుకు ఆ గుణం 70 గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది, బోటులో దాని పాలూ గణనీయమే. దాని పక్కన అర శాతం గ్రాఫీన్ తెచ్చే తేడా పెద్దగా కనబడదు.

అసలు చిక్కు కలపడంలో ఉంది. ఒక గ్రాము గ్రాఫీన్‌ను పూర్తిగా విడదీస్తే దాని ఉపరితలం సుమారు 2,600 చదరపు మీటర్లు, మన లెక్కలో 65 సెంట్ల భూమి. అంత ఉపరితలమూ రెజిన్‌కు తగలాలి. తగలకపోతే రేకులు ఒకదానికొకటి అతుక్కుని, వేడి నీళ్లలో ఒక్కసారిగా పోసిన చోడి పిండిలా ఉండకడతాయి. ప్రతి ఉండా పగులు మొదలయ్యే చోటే. అందుకే 0.2 శాతం బాగా కలిసిన ముక్క, 2 శాతం ఉండకట్టిన ముక్క కంటే గట్టిగా ఉండటం మామూలే. పొడి పెంచినకొద్దీ రెజిన్ చిక్కబడుతుంది. చిక్కబడితే మ్యాట్‌లోకి సరిగ్గా ఇంకదు, రోలర్ ఎంత తిప్పినా బుడగలు పోవు. ఇదంతా షెడ్డులో రెజిన్ బకెట్ పట్టుకున్న మనిషికి చప్పున తెలుస్తుంది, రిపోర్టులోని బార్ చార్టులో తెలియదు.

విద్యుత్తు విషయం వేరు. రేకులు ఒకదానికొకటి తగిలి దారి ఏర్పడగానే, అప్పటిదాకా కరెంటు పారని ప్లాస్టిక్ ఒక్కసారిగా వాహకమవుతుంది. 2006లో పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌లో ఇది ఘనపరిమాణంలో 0.1 శాతం దగ్గరే జరిగింది. వేడికి అలాంటి గెంతు ఉండదు. రేకుకూ ప్లాస్టిక్‌కూ మధ్య ప్రతి సరిహద్దులో వేడికి అడ్డు తగులుతుంది.

ఇక నీరు. బోటు కట్టే పాలిస్టర్ రెజిన్‌లోకి నీరు ఏళ్ల తరబడి మెల్లగా ఇంకుతుంది. లోపల కరిగిన పదార్థాల వల్ల ఒత్తిడి పెరిగి బోటు పైనుండే నున్నటి పూత, అంటే జెల్ కోట్, కింద పొక్కులు లేస్తాయి. రెజిన్‌లో గ్రాఫీన్ కలిపితే ఆ రేకుల్లోంచి నీటి అణువు దూరలేదు, చుట్టూ తిరిగి పోవాలి. దారి పొడవయ్యేకొద్దీ ఇంకడం నెమ్మదిస్తుంది. దీనికి రేకులు పీచులా బరువు మోయనక్కర్లేదు, విడివిడిగా, వీలైనంత అడ్డంగా పరుచుకుంటే చాలు.

ఇనుప భాగాలకు వేసే పూతల్లో మాత్రం జాగ్రత్త అవసరం. గ్రాఫీన్ విద్యుద్వాహకం కాబట్టి పూత గీరుకున్న చోట, ఉప్పు తడిలో, ఇనుము మరింత త్వరగా తుప్పు పట్టే ప్రమాదం ఉంది. రాగి మీద నేరుగా పెంచిన గ్రాఫీన్ పొర కొన్ని నెలల తర్వాత, ఏ పొరా లేకపోవడం కంటే హీనంగా తేలిందని 2013లో ఒక పరిశోధన చూపింది. అందుకే పూతలో కరెంటుకు దారి ఏర్పడే హద్దుకు లోపే ఉండాలి. అంటే స్థిర విద్యుత్తు పేరుకోకుండా చేసే యాంటీ స్టాటిక్ ప్లాస్టిక్‌కు వరమైన గుణమే ఇక్కడ శాపం. ఒకే ఫార్ములా రెండింటికీ పనికిరాదు.

కొనే పొడి మీద కూడా నాకు అనుమానాలున్నాయి. అరవై కంపెనీల నమూనాలు పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ వాటిలో అసలు గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు. మిగతాది సన్నగా నలిగిన గ్రాఫైటే. గ్రాఫైట్ మనకు కొత్తదేం కాదు. విజయనగరం, శ్రీకాకుళం కొండల్లోని ఖొండలైట్ రాయిలోనే ఉంటుంది. పది పొరల లోపు ఉన్నదాన్నే గ్రాఫీన్ కుటుంబంలో లెక్కిస్తారు. కాబట్టి పొడి ఎన్ని పొరలదో చెప్పని ప్రాజెక్టు ఫలితాన్ని నేను నమ్మను.

మన కాలేజీలు చేయగలిగిన పరీక్ష పెద్ద ఖర్చుతో కూడింది కాదు. బోటు కట్టే రెజిన్‌తోనే, బోటు కట్టే మనిషి చేతే పలకలు వేయించాలి: గ్రాఫీన్ లేనిది ఒకటి, 0.1, 0.3 శాతాలవి చెరొకటి. గోరువెచ్చని ఉప్పునీటిలో ముంచి, నెలనెలా తుడిచి తూకం వేయాలి. ఏడాది తర్వాత వంచి విరవాలి. పొడి తూచేవాళ్లు మాస్కు కట్టుకోవాలి. ఆ తూకాల పట్టికను ఏ రేవులో బోటు యజమాని ముందు పెట్టినా, కిలో రెజిన్‌కు అదనంగా పెట్టే రూపాయి దండగో కాదో ఆయనే తేల్చుకుంటాడు.