చార్ట్ చదవడం వస్తే పడే మార్కెట్లోనూ డబ్బేనా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

మార్కెట్ నాలుగు రోజులు నీరసంగా పడిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో టెలిగ్రామ్ ఛానెళ్ళలో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. కాస్త అటూ ఇటూగా అందులో ఉండేది ఇదీ: "మార్కెట్ పెరిగితే ఏంటి తగ్గితే ఏంటి, చార్ట్ చదవడం వచ్చినోడికి రోజూ పండగే. 200 డీఎంఏ పైనుంటే కొను, కిందికొస్తే అమ్ము. ఆర్ఎస్ఐ 30 కిందికొస్తే కొను, సపోర్ట్ దగ్గర కొను. 1:2 రిస్క్ రివార్డ్ పెట్టుకుంటే పదిలో నాలుగు కరెక్టయినా లాభమే. స్టాప్‌లాస్ ఉంటే రిస్కే లేదు. పడుతుంటే షార్ట్ కొట్టు. న్యూస్ చూడక్కర్లేదు, అంతా ప్రైస్‌లోనే ఉంటుంది." కింద కోర్సు లింకు ఉంటుందా లేదా అన్నది గ్రూపుని బట్టి.

ముందే చెప్తున్నా, నేను టెక్నికల్ అనాలిసిస్‌కి వ్యతిరేకిని కాదు, నేనూ చార్ట్ చూసే కొంటా, చార్ట్ చూసే అమ్ముతా. నా గొడవల్లా "ఏ మార్కెట్లో అయినా" అన్న ధీమాతోనే. ట్రెండ్‌లో (రేటు ఒకే దిక్కుగా సాగేటప్పుడు) డబ్బులిచ్చే రూల్ రేంజ్‌లో (రెండు స్థాయిల మధ్యే ఊగేటప్పుడు) డబ్బులు లాగేస్తుంది, రేంజ్‌లో పనికొచ్చేది ట్రెండ్‌లో ముంచుతుంది, ఆ మెసేజ్ రాసినాయన రెండు రకాలనీ ఒకే పేరాలో కలిపి పంపేశాడు. ఊరికే అనడం ఎందుకు, 2024 సెప్టెంబర్ నించి 2025 ఏప్రిల్ దాకా నిఫ్టీ మన కళ్ళముందే నడిచింది కదా, ఒక్కో ముక్కా దాని మీదే పెట్టి చూద్దాం.

గుర్తు లేనివాళ్ళకి: 2024 సెప్టెంబర్ 27న నిఫ్టీ 26,277 తాకింది. అక్కణ్ణించి ఎఫ్ఐఐలు, అంటే విదేశీ ఇన్వెస్టర్లు, అమ్మడం మొదలెట్టారు, అక్టోబర్ ఒక్క నెలలోనే 94 వేల కోట్ల రూపాయల షేర్లు వదిలించుకున్నారు. అక్టోబర్ నించి ఫిబ్రవరి దాకా వరసగా ఐదు నెలలు నిఫ్టీ నష్టంలోనే ముగిసింది, 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మార్చి 4కి 21,964 దాకా వెళ్ళింది, అంటే 16 శాతం పైన పతనం. స్మాల్‌క్యాప్‌లు (చిన్న కంపెనీల షేర్లు) అయితే 20 శాతం దాటి పడ్డాయి. కానీ తిన్నగా పడితే ఇంత బాధ ఉండేది కాదు. మధ్యలో వెయ్యి, పదిహేను వందల పాయింట్లు పైకి లేచి, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ కూలడం, అదీ ఆ ఆర్నెల్ల సినిమా.

మొదట 200 డీఎంఏ సంగతి, అంటే గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల సగటు. పైనుంటే కొను, కిందుంటే అమ్ము, వినడానికి ఎంత బాగుందో. నవంబర్ మధ్యలో నిఫ్టీ 200 డీఎంఏ కిందికి వచ్చింది, రూల్ ప్రకారం అమ్మేశావు, సరే. నవంబర్ 22న ఒక్కరోజే 557 పాయింట్లు లేచి 23,907 దగ్గర క్లోజ్, మళ్ళీ పైకొచ్చేసింది కాబట్టి కొన్నావు. డిసెంబర్ 20న 23,587 దగ్గర క్లోజ్, కిందికి పోయింది, అమ్మావు. జనవరి 2న 445 పాయింట్ల ర్యాలీ, 24,188, మళ్ళీ పైన, మళ్ళీ కొన్నావు. జనవరి 6న 388 పాయింట్లు పడి 23,616, మళ్ళీ కింద, మళ్ళీ అమ్మావు. కూడి చూడండి: మొదటిసారి 320 పాయింట్లు, రెండోసారి 572, మొత్తం 890 పాయింట్ల దాకా గోవింద, అదీ రూల్‌ని అక్షరం తప్పకుండా పాటించినవాడికి! మధ్యలో భయపడి తప్పులు చేసినవాడి లెక్క ఇంకా వేరే.

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. జనవరి 6న ఆ రూల్ విని బయటికొచ్చేసి కూర్చున్నవాడు ఫిబ్రవరి 28న నిఫ్టీ 22,124 దగ్గర మూసినప్పుడు ప్రశాంతంగా నిద్రపోయాడు, దాదాపు పదిహేను వందల పాయింట్ల పతనం అతన్ని తాకలేదు. 200 డీఎంఏ చేసే అసలు పని అదీ, పెద్ద దెబ్బ తగలకుండా పక్కన కూర్చోబెట్టడం. దానికి ఫీజుగా అప్పుడప్పుడూ ఇలాంటి చిల్లర దెబ్బలు తినిపిస్తుంది, ఏప్రిల్ నెలాఖరుకి నిఫ్టీ 24,000 పైకి వచ్చాక మనం అమ్మిన దానికంటే ఎక్కువ రేటుకి మళ్ళీ కొనిపిస్తుంది కూడా. ఇన్సూరెన్స్ లాంటి దాన్ని జీతం ఇచ్చే మెషీన్ అని అమ్ముతుంటే ఎలాగండీ.

తర్వాత ఆర్ఎస్ఐ, రేటు ఊపుని 0 నించి 100 మధ్య చూపించే అంకె. 30 కిందికొస్తే "ఓవర్‌సోల్డ్", అంటే చవగ్గా వచ్చిందని అర్థం కాదు బాబూ, గత 14 రోజుల్లో పెరిగిన దానితో పోలిస్తే పడింది చాలా ఎక్కువ అని మాత్రమే అర్థం. బలంగా పడే షేరు వారాలకి వారాలు 30 చుట్టూనే దొర్లుతూ ఉంటుంది, కాస్త లేచినా 60 దాకా వచ్చి ఊపిరి అయిపోతుంది. ఇండస్‌ఇండ్ బ్యాంక్ తీసుకోండి. 2024 అక్టోబర్ 25న రిజల్ట్స్ చూసి ఒక్కరోజులో 18 శాతం పైగా పడి 1,040 దరిదాపుల్లోకి వచ్చింది, ఆర్ఎస్ఐ అడుగున ఉంది, "ఇంతకంటే మంచి ఛాన్స్ రాదు" అని ఎంతమంది కొన్నారో. మార్చి నాటికి మెల్లగా 900కి జారింది. మార్చి 10 సాయంత్రం డెరివేటివ్స్ లెక్కల్లో తేడాలున్నాయని, నెట్‌వర్త్‌లో 2.35 శాతం దాకా దెబ్బ ఉండొచ్చని బ్యాంకే చెప్పింది, మర్నాడు ఇంకో 27 శాతం పోయి 656 దగ్గర ఆగింది. 1,040 దగ్గర ఓవర్‌సోల్డ్ అయినది 656కి వస్తే ఏమనాలి మరి?

తమాషా ఏంటంటే ఆర్ఎస్ఐ కనిపెట్టిన వెల్స్ వైల్డర్ అదే 1978లో ఏడీఎక్స్ అనే ఇంకో ఇండికేటర్ కూడా ఇచ్చాడు. ఇప్పుడు మార్కెట్లో ట్రెండ్ అనేది ఉందా లేదా అని కొలవడానికే అది. మామూలుగా 25 పైనుంటే ట్రెండ్ ఉన్నట్టు, 20 కిందుంటే లేనట్టు చూస్తారు. అంటే ఏ పనిముట్టు ఎప్పుడు వాడాలో ముందు తేల్చుకోమని ఆ పెద్దమనిషే దారి చూపించాడు, మన ఫార్వర్డ్‌లో మాత్రం ఆర్ఎస్ఐ ఒక్కటే మిగిలింది, ఏడీఎక్స్ ఎటు పోయిందో.

సపోర్ట్, అంటే పడే రేటు వచ్చి ఆగుతుందనుకునే స్థాయి, దాని గురించి ఎక్కువ రాయను. నవంబర్ 21 నాటి 23,263 సపోర్ట్ అన్నారు, జనవరిలో పోయింది. జనవరి 27 నాటి 22,786 సపోర్ట్ అన్నారు, ఫిబ్రవరిలో పోయింది. తర్వాత 22,000 అన్నారు, మార్చి 4న అదీ పోయింది. బలహీనమైన మార్కెట్లో ప్రతి సపోర్టూ కొన్నిసార్లు నిలబడి మనకి నమ్మకం కలిగించి, క్వాంటిటీ పెంచాక విరుగుతుంది, అయిపోయాక చార్ట్ మీద గీత గీసి "ఇదిగో చూశారా" అనడం ఎవరికైనా వచ్చు.

ఇప్పుడు నాకు బాగా మంట పుట్టించే పాయింటు, 1:2 లెక్క, అంటే ఓడితే ఒక రూపాయి పోవాలి, గెలిస్తే రెండు రావాలి. పేపర్ మీద లెక్క కరెక్టే, కాదనను. పది ట్రేడుల్లో నాలుగు గెలిస్తే ఎనిమిది వచ్చాయి, ఆరు ఓడితే ఆరు పోయాయి, రెండు మిగిలాయి, అంటే రిస్క్ చేసిన ప్రతి రూపాయికీ సగటున 20 పైసలు. సరే, లక్ష రూపాయల షేర్లు డెలివరీలో కొన్నావనుకో, 2 శాతం కింద స్టాప్‌లాస్ (రేటు అక్కడికి పడితే అమ్మేసే ఆర్డర్), అంటే రిస్క్ 2,000. సగటున ట్రేడుకి రావాల్సింది 400. డెలివరీలో ఎస్టీటీ (షేర్ల లావాదేవీ మీద పన్ను) కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం, అంటే 200 రూపాయలు. సగం ఇక్కడే పోయింది, ఇంకా స్టాంప్ డ్యూటీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, డీపీ (డీమ్యాట్) ఛార్జీ, స్లిప్పేజీ (అనుకున్న రేటుకీ దొరికిన రేటుకీ తేడా) లెక్కలోకే రాలేదు. ఏమన్నా మిగిలితే దాని మీద షార్ట్ టర్మ్ ట్యాక్స్, అది కూడా 2024 జూలై 23 నించి 15 శాతం కాదు, 20.

ఇదంతా పదిలో నాలుగు గెలిస్తే. ఊగిసలాట మార్కెట్లో దెబ్బ తగిలేది సరిగ్గా ఆ నాలుగుకే, ఎందుకంటే రేటు మన వైపు కొంచెం నడుస్తుంది, టార్గెట్ దాకా పోకుండా వెనక్కి తిరిగి స్టాప్‌లాస్ కొట్టి పోతుంది. నాలుగు కాస్తా మూడు అయిందనుకోండి, ఆరు వచ్చాయి ఏడు పోయాయి, ఛార్జీలకి ముందే నష్టం! 40 నించి 30కి దిగడానికి పెద్ద తప్పులేం చెయ్యక్కర్లేదు, మార్కెట్ మూడ్ మారితే చాలు. పైగా పదిలో ఆరు ఓడిపోయే పద్ధతిలో వంద ట్రేడులు చేస్తే వరసగా ఏడు స్టాప్‌లాస్‌లు తగలడం మామూలు విషయం, అది లెక్కల్లోనే ఉంది. ఆ ఏడు తగిలాక ఎనిమిదో ట్రేడ్ అదే క్వాంటిటీతో, అదే చల్లటి బుర్రతో వేసే మనిషి ఎంతమంది ఉంటారు? డబల్ క్వాంటిటీ వేసి "రికవర్" చేద్దామనుకునేవాళ్ళే కదా ఎక్కువ.

"స్టాప్‌లాస్ ఉంటే రిస్క్ లేదు" అన్నదానికి రెండు తేదీలు చాలు. 2024 డిసెంబర్ 13న నిఫ్టీ పొద్దున 24,180 దాకా పడిపోయి సాయంత్రానికి 24,768 దగ్గర, ముందు రోజుకంటే 219 పాయింట్ల లాభంతో మూసింది. ఆ రోజు 24,300 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవాడి ఆలోచన కరెక్ట్, డబ్బులు మాత్రం పోయాయి. ఇంకోటి 2025 ఏప్రిల్ 7. ముందటి క్లోజ్ 22,904, ట్రంప్ టారిఫ్‌ల దెబ్బకి సోమవారం తెరవడమే 21,758 దగ్గర, వెయ్యి పాయింట్ల పైన గ్యాప్. నీ స్టాప్‌లాస్ 22,800 దగ్గర ఉంటే 22,800కి ఎవడూ కొనడు, దొరికిన రేటుకి పోతుంది, అదే లిమిట్ ధర పెట్టిన స్టాప్ ఆర్డర్ అయితే అసలు ఎగ్జిక్యూట్ కాకుండా అలా చూస్తూ ఉంటుంది. స్మాల్‌క్యాప్‌ల్లో 5 శాతం లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకి అంతకంటే పడనివ్వని హద్దు) పడితే అమ్మేవాళ్ళ క్యూ తప్ప కొనేవాడు ఉండడు, అక్కడ స్టాప్‌లాస్ ఉన్నా లేనట్టే. స్టాప్‌లాస్ పెట్టొద్దనా? కచ్చితంగా పెట్టాలి. కానీ అలాంటి మార్కెట్లో రోజూ ఊగే దూరం పెరుగుతుంది కాబట్టి స్టాప్ ఇంకా దూరంగా పెట్టి, దానికి తగ్గట్టు షేర్ల సంఖ్య తగ్గించుకోవాలి, మామూలుగా వంద షేర్లు కొనేవాడు నలభై కొనాలి, ఓవర్‌నైట్ పొజిషన్ ఇంకా తక్కువ ఉంచుకోవాలి. ఈ ఒక్క ముక్క మెసేజ్‌లో ఎక్కడా ఉండదు, ఎందుకంటే "తక్కువ కొను, చాలాసార్లు ఏమీ కొనకు" అంటే వినడానికి కిక్ ఉండదు.

షార్ట్ కొట్టు, అంటే ముందు అమ్మి రేటు పడ్డాక కొను, అన్న సలహా మరీ తేలిగ్గా అనేశారు. మామూలు మనిషి క్యాష్‌లో షార్ట్ చేస్తే సాయంత్రం లోపు క్లోజ్ చెయ్యాల్సిందే, రోజుల తరబడి ఉంచాలంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి పోవాలి. అక్కడ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 నవంబర్ నించి ఇండెక్స్ కాంట్రాక్ట్ కనీస విలువ 15 లక్షలు చేసింది, నిఫ్టీ లాట్ (ఒక్క కాంట్రాక్ట్‌లో ఉండే యూనిట్లు) అప్పట్లో 25 నించి 75 అయింది. పడే మార్కెట్లో వచ్చే ర్యాలీలు ఎంత ఘాటుగా ఉంటాయో కూడా చూడండి, నవంబర్ 21న 23,263 దగ్గర "ఇంక అయిపోయింది" అని షార్ట్ కొట్టినవాడికి డిసెంబర్ 5న నిఫ్టీ 24,857 చూపించింది. రెండు వారాల్లో దాదాపు పదహారు వందల పాయింట్లు ఎదురు! తర్వాత మార్కెట్ నిజంగానే పడింది, అతను చెప్పిందే జరిగింది, అప్పటికి అతని దగ్గర మార్జిన్ (పొజిషన్ కోసం బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన డబ్బు) మిగిలి ఉంటే కదా.

న్యూస్ అక్కర్లేదు అంటారా. ఏప్రిల్ 9న ట్రంప్ చాలా దేశాల టారిఫ్‌లకి 90 రోజులు బ్రేక్ వేశాడు, ప్రపంచమంతా ఎగిరింది, మనకి ఏప్రిల్ 10 మహావీర్ జయంతి సెలవు. 11న నిఫ్టీ 429 పాయింట్లు గ్యాప్‌తో లేచింది. మళ్ళీ శని ఆదివారాలు, 14 అంబేద్కర్ జయంతి సెలవు, 15న ఇంకో 500. ఇందులో ఏది ఏప్రిల్ 8 నాటి క్యాండిల్‌లో (చార్ట్‌లో ఆ రోజు రేటు చూపించే గీతలో) ఉందో చూపించమనండి. ప్రైస్‌లో ఉండేది అందరికీ తెలిసిన సంగతి, రేపు పొద్దున ఎవడో చెయ్యబోయే ట్వీట్ కాదు.

చివరికి వచ్చే మాట ఒకటి ఉంటుంది, "పోగొట్టుకునేది నేర్చుకోని వాళ్ళే". సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క బయటపెట్టింది: 2022, 23, 24 ఆర్థిక సంవత్సరాలు కలిపి ఎఫ్‌అండ్‌ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే, మొత్తం 1.8 లక్షల కోట్ల పైన. ఛార్జీలు పోను లక్ష రూపాయలకి మించి లాభం చూసినవాళ్ళు ఒక్క శాతం. వీళ్ళంతా చార్ట్‌లు చూసే చేశారని నేననను, కొంతమంది కాల్స్ మీద, కొంతమంది లాటరీ టికెట్ లాగా. కానీ ఆ మూడేళ్ళలో నిఫ్టీ ఎటు పోయిందో గమనించారా? 2021 మార్చి చివర 14,690, 2024 మార్చి చివర 22,326. అంటే అంత మంచి బుల్ మార్కెట్లో వచ్చిన రిజల్ట్ ఇది. గాలి మన వెనకనించి వీస్తున్నప్పుడే 93 మంది పడిపోతే, ఎదురుగాలిలో రోజూ పండగే అని చెప్పేవాడిని ఒకటి అడగాలి కదా.

అడగాల్సింది స్క్రీన్‌షాట్ కాదు, అది ఎవరైనా ఒక మంచి రోజు చూసి తీసుకోవచ్చు. 2024 అక్టోబర్ నించి 2025 ఫిబ్రవరి దాకా ఆ ఐదు నెలల బ్రోకర్ ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల) రిపోర్ట్, ఛార్జీలతో సహా, ఒక్క అకౌంట్‌ది కాదు, ఉన్న అన్ని అకౌంట్లదీ. ఇంకోటి, సెబీ 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది, ఎడ్యుకేషన్ పేరుతో పాఠం చెప్పేవాళ్ళు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడి ఏ షేర్ గురించీ మాట్లాడకూడదని. ఇవ్వాళ్టి లైవ్ చార్ట్ పెట్టి "ఇక్కడ కొనండి, ఇది ఎడ్యుకేషన్ మాత్రమే" అంటున్నాడంటే సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతో అడగండి. ఆ రెండూ అడిగాక గ్రూపులోంచి మిమ్మల్ని తీసేస్తే మీ ప్రశ్నలకి జవాబు వచ్చేసినట్టే.