కత్తి పట్టిన చేతుల గురించి కూడా రాయండి

తిరుమల తలనీలాల వేలంలో కోట్లు వస్తున్నాయి కాబట్టి మొక్కు వ్యాపారమైపోయిందని మీ వ్యాసంలో అన్నారు. నేను ఒప్పుకోను. కళ్యాణకట్టలో తల వంచిన మనిషికి వేలంతో పనిలేదు. బిడ్డ జబ్బు నయమైతే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాడు, తీర్చుకున్నాడు. అన్ని టన్నుల జుట్టును ఊరికే పారబోస్తే ఎవరికి లాభం? పొడవును బట్టి వేరు చేసి అమ్మడం, డబ్బు దేవస్థానానికి జమ చేయడం సబబే.

2004 సంగతి మీరు రాయలేదు. తిరుమల జుట్టు పూజలో అర్పించినది, దీనితో చేసిన విగ్గులు వాడకూడదని జెరూసలేంలో ఒక పెద్ద రబ్బీ, అంటే యూదు మతగురువు, తీర్పు చెప్పారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సంప్రదాయ యూదులు ఖరీదైన విగ్గులను వీధిలోనే తగలబెట్టారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. జుట్టు ఎక్కడిదో కొనేవాళ్లకు ముందే చెప్పి తీరాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది, క్షురకులకు మీరు ఒక్క వాక్యమే ఇవ్వడం. ఏడ్చి గింజుకునే పసివాడి తలను ఒడుపుగా పట్టుకుని, గాటు పడకుండా గీయడం ఎంత పనితనం! మూడు కత్తెర్లు ఇచ్చే ఆడవాళ్లకైనా, పూర్తి గుండు చేయించుకునే ఆడవాళ్లకైనా అక్కడ మహిళా క్షురకులు ఉండటం ఎంత ఊరటో మా ఇంట్లో వాళ్లను అడిగితే చెబుతారు. గుండు ఉచితమని బోర్డు ఉన్నా చెయ్యి చాపుతారని అందరూ తిడతారు. పీస్ రేటు మీద పనిచేసేవాళ్లకు గుండుకు ఎంత ముడుతుందో, వేలం సొమ్ములో అది ఎంత భాగమో దయచేసి కనుక్కుని రాయండి.