ఊరు తమదైనా లెక్కలో లేని అరబ్బులు

అమెరికాలోని అరబ్బుల గురించి మన దగ్గర జరిగే చర్చంతా 2024 అధ్యక్ష ఎన్నికల్లో మిషిగన్ రాష్ట్రంలో అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్ నగర ఓటర్లు డెమొక్రాట్లకు ఎందుకు ఎదురుతిరిగారన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ కథ పాఠకులకు తెలిసిందే. దానికంటే పాతదీ, లోతైనదీ అయిన అన్యాయం మరొకటి ఉంది. వందేళ్లకు పైగా ఆ దేశంలో ఇళ్లు కట్టుకుని, పన్నులు చెల్లించి, కార్ల కర్మాగారాల్లో చెమటోడ్చిన సమాజానికి జనగణన పత్రంలో జాతి వివరం అడిగే చోట టిక్కు పెట్టుకోవడానికి సొంత గడి లేదు. ఇల్లు, ఉద్యోగం, మసీదు ఉన్నంత మాత్రాన వలస వచ్చినవారు స్థిరపడినట్టు కాదు. రాజ్యం వారిని వారి పేరుతో లెక్కపెట్టిన రోజునే ఆ పని పూర్తవుతుంది.

ఈ చిక్కు న్యాయస్థానాల్లో మొదలైంది. వలస వచ్చినవారిలో పౌరసత్వం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతికీ మాత్రమే దక్కే కాలంలో, సిరియా ప్రాంతం నుంచి వచ్చిన జార్జ్ డౌ అప్పీలు కోర్టు దాకా వెళ్లి, సిరియన్లు తెల్లవారేనన్న తీర్పును 1915లో సాధించుకున్నాడు. అయినా 1942లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు యెమెన్‌కు చెందిన అహ్మద్ హసన్‌కు తెల్లవాడు కాదంటూ పౌరసత్వం నిరాకరించింది. బతకడానికి పోరాడి తెచ్చుకున్న ‘తెల్లవారు’ అన్న ముద్రే తర్వాతి తరాలను కనబడకుండా చేసింది.

కాగితం మీద తెల్లవారైనంత మాత్రాన ఊరు వారిని అలా చూడలేదు. డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ వారి రూజ్ కార్ల కర్మాగారం పక్కనే ఉన్న సౌత్ ఎండ్ పేటలో అరబ్ కార్మికుల ఇళ్లను నగరపాలక సంస్థ కొని కూలగొడుతూ, అనుమతులకు అడ్డుపడుతూ ఆ పేటను పరిశ్రమలకు అప్పగించాలని చూసింది. అక్కడి జనం కోర్టుకెక్కి 1973లో గెలిచారు. వలస కుటుంబాలకు అండగా నిలిచిన యాక్సెస్ అనే సంస్థ 1971లో ఆ పేటలోనే పుట్టింది. 1985 మేయర్ ఎన్నికల్లో మైకేల్ గైడో ‘అరబ్ సమస్య’ అంటూ కరపత్రం పంచి మరీ గెలిచాడు. సమస్య అని పిలవడానికి అరబ్బులు విడిగా కనబడ్డారు. హక్కుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెల్లవారిలో కలిసిపోయారు.

దీని ఫలితం ఏమిటో దగ్గర్లోని హామ్‌ట్రామిక్ పట్టణంలో చూడవచ్చు. అక్కడ బంగ్లాదేశీయులూ, యెమెనీయులూ ఒకే వీధుల్లో ఉంటారు. బెంగాలీ మాట్లాడేవారికి వారి భాషలో బ్యాలెట్ ఇవ్వాలని ఓటింగ్ హక్కుల చట్టమనే ఫెడరల్ చట్టమే ఆదేశిస్తుంది, ఎందుకంటే ఆ చట్టం గుర్తించిన భాషా మైనారిటీల్లో ఆసియావారు ఉన్నారు. అరబ్బీ మాట్లాడే పొరుగింటివారికి ఆ చట్టం వర్తించదు. డియర్‌బోర్న్‌లో అరబ్బీ బ్యాలెట్ కావాలంటే 2022లో నగర మండలి సొంతంగా తీర్మానం చేసుకోవాల్సి వచ్చింది. అంతమంది ఉన్న ఊరు కాబట్టి అది సాధ్యమైంది. నాలుగైదు వందల కుటుంబాలున్న చోట ఎవరు పట్టించుకుంటారు?

లెక్కకెక్కడమే ప్రమాదమని వాదించే అరబ్బులూ ఉన్నారు, వారి భయం ఊహ కాదు. 1942లో జపనీయులను శిబిరాలకు తరలించడానికి జనగణన వివరాలు వాడుకున్నారు. అరబ్బులు ఏ పిన్‌కోడ్‌లో ఎందరున్నారో జనగణన విభాగం దేశ అంతర్గత భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు అందజేసిందని 2004లో బయటపడింది.

కానీ ఈ ఉదంతాలు చెప్పేది వేరు. నిఘా పెట్టదలచుకున్న ప్రభుత్వానికి ప్రత్యేక గడి అక్కర్లేకపోయింది. 2002లో ఎక్కువగా ముస్లిం దేశాల నుంచి వచ్చిన పురుషులను వరుసలో నిలబెట్టి వేలిముద్రలు తీసుకున్నప్పుడూ ఆ గడి లేదు. అది లేక నష్టపోయింది పోలీసులు కాదు. ఏ జబ్బు ఎవరిలో ఎక్కువో తెలియని ఆరోగ్య శాఖలు, దుబాసీలు ఎందరు కావాలో అంచనా వేయలేని బడులు, మైనారిటీ కాంట్రాక్టుల పథకాల్లో నేరుగా అర్హత దక్కని చిన్న వ్యాపారులు.

అమెరికాలోని తెలుగువారు ఈ మాటను అందరికంటే బాగా అర్థం చేసుకోవాలి. 1970 జనగణనలో భారతీయులు కూడా తెల్లవారి ఖాతాలోనే పడ్డారు. ఆ ఖాతా వద్దని భారతీయ సంఘాలు పట్టుబట్టాయి. 1980 జనగణనలో ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది, రెండేళ్లకే మైనారిటీ వ్యాపారుల పథకాల తలుపులు తెరుచుకున్నాయి. ఈనాడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు ఆలోచించకుండా టిక్కు పెట్టే గడి వెనక ఆ పోరాటం ఉంది. సొంత గడ్డ మీదా మనది ఇదే గొడవ. 1931 తర్వాత దేశమంతటా కులాల పూర్తి లెక్క లేకుండానే మండల్ కమిషన్ దగ్గర్నుంచి అంచనాలతో నెట్టుకొచ్చారు. 2024లో తెలంగాణ సర్వే చేపట్టి వెనుకబడిన తరగతులు 56 శాతానికి పైగా ఉన్నారని తేల్చాకే రాజకీయ పార్టీలు తమ టికెట్ల జాబితాలకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అంకె లేనంత కాలం వెనుకబడిన తరగతులు అడిగిన వాటా దయాభిక్షగానే మిగిలింది.

2020 జనగణన పత్రంలో ‘తెల్లవారు’ గడి కింద మూలాలు రాయమని కొంత ఖాళీ ఇచ్చి, జర్మన్, ఐరిష్ వంటి పేర్ల పక్కన లెబనీస్, ఈజిప్షియన్ అని ఉదాహరణలు వేశారు. ఆ కాస్త ఖాళీలో జనం రాసుకున్నదాన్ని 2023లో కూడి చూస్తే, మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా మూలాలవారు దేశంలో 35 లక్షలనీ, డియర్‌బోర్న్‌లో సగానికి పైగా వారేననీ తేలింది. 2024 మార్చిలో వారికి విడి వర్గాన్ని ఆమోదించి, దాని అమలుకు ఫెడరల్ శాఖలకు అయిదేళ్ల గడువిచ్చారు. అదీ లోపం లేనిది కాదు: అరబ్ లీగ్‌లో సభ్యదేశమైన సోమాలియావారిని నల్లజాతి వర్గంలోనే ఉంచారు. 2030 జనగణన పత్రం అచ్చుకు వెళ్లేలోగా ఆ గడిని కాపాడుకోవడం, దాని ఆధారంగా ఓటింగ్ హక్కుల చట్టంలో అరబ్బీని చేర్పించడం అరబ్ సంఘాల ముందున్న పని. ఏ పార్టీ అభ్యర్థి ఓటు కోసం డియర్‌బోర్న్ వచ్చినా మొదట ఈ రెండింటి మీదే మాట తీసుకోవాలి.