కట్లతో నడవని మమ్మీ

మమ్మీ సినిమా అనగానే కాలీడ్చుకుంటూ మీదికొచ్చే కట్ల మనిషే గుర్తొస్తాడు. 1932లో యూనివర్సల్ తీసిన 'ద మమ్మీ'లో మాత్రం అలాంటి షాట్ ఒక్కటీ లేదు. నటుడు బోరిస్ కార్లాఫ్ కట్ల మమ్మీగా కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఆ మమ్మీయే ఫెజ్ టోపీ, పొడవాటి అంగీ వేసుకుని, ఆర్దత్ బే అనే పేరుతో మామూలు మనిషిలా తిరుగుతాడు. ఈ సినిమా బలమంతా ఆ పొదుపులోనే ఉంది.

ఆ కొద్ది నిమిషాల కోసం మేకప్ నిపుణుడు జాక్ పియర్స్ దాదాపు 8 గంటలు పనిచేశాడు. కార్లాఫ్ ముఖం మీద పలచటి దూది పొరలు పరిచి, పైన కొలోడియన్ పూశాడు. అది ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగించిన నైట్రోసెల్యులోజ్. ఈథర్ ఆవిరయ్యేకొద్దీ పొర కుంచించుకుపోయి, దూదినీ చర్మాన్నీ కలిపి లాగుతుంది. చర్మాన్ని సాగదీసి పట్టుకుని పూసి, ఆరాక వదిలితే ముడత ఇంకా లోతుగా పడుతుంది. జుట్టుకు బంకమట్టి పట్టించారు. నారగుడ్డను యాసిడ్‌లో నానబెట్టి, ఓవెన్‌లో కాల్చి, శిథిలమైన కట్లుగా చుట్టారు.

ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, నటుడు నోరు కదిపినా కనుబొమ ఎత్తినా ఆరిన పొర పగులుతుంది, అంచులు లేస్తాయి. కాంతి ఎదురుగా పడితే అంత కష్టపడి తెచ్చిన ముడతలు చదునుగా కనిపిస్తాయి. పక్క నుంచి పడితేనే లోతు తెలుస్తుంది. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్ 'మెట్రోపొలిస్' (1927), 'డ్రాకులా' (1931) చిత్రాలకు కెమెరా పట్టినవాడు కాబట్టి ఈ సంగతులు అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మమ్మీ లేచే దృశ్యంలో సంగీతం లేదు. నార్టన్ అనే యువకుడు థోత్ పత్రాన్ని, అంటే చచ్చినవాళ్లను లేపే మంత్రమున్న పత్రాన్ని, గొణుగుతూ చదువుతుంటాడు. పెట్టెలో కనురెప్పలు సన్నగా విచ్చుకుంటాయి, ఆ సందులో ఓ మెరుపు. ఛాతీ మీది చేతులు మెల్లగా కిందికి జారతాయి. అంతే, ఇక ఆ శరీరం మనకు కనిపించదు. పత్రం మీదికి ఒక చెయ్యి వస్తుంది. నార్టన్ అరుస్తాడు, ఆ అరుపు పిచ్చి నవ్వుగా మారుతుంది. తలుపు దాటి పోతున్న కట్టు కొస నేల మీద కనబడుతుంది. కదలలేని మేకప్‌ను కదలించకుండానే భయపెట్టిన ఈ కూర్పు నేటి హారర్ దర్శకులు షాట్ వెంట షాట్ పరిశీలించదగ్గది.

స్క్రీన్‌ప్లే రాసిన జాన్ బాల్డర్‌స్టన్ జర్నలిస్టుగా ప్రాచీన ఈజిప్టు రాజు టుటంఖమున్ సమాధి తెరిచిన వార్తలు రాసినవాడు. ఆ అనుభవం కథలో పనికొచ్చింది. ప్రాచీన ఈజిప్టులో మమ్మీ చేయడానికి శవానికి ఎడమ పక్క కోత పెట్టి, లోపలి అవయవాలు తీసి, సుమారు 40 రోజులు నేట్రాన్ ఉప్పులో ఆరబెట్టేవారు. సినిమాలో మమ్మీ అయిన పూజారి ఇమ్‌హోటెప్ దేహానికి ఆ కోత లేదు, అవయవాలూ తీయలేదు. అంటే బతికుండగానే పాతిపెట్టారు! ఒక్క వైద్య పరిశీలనతో కథకు పునాది పడింది.

చరిత్ర విషయంలో అంత శ్రద్ధ లేదు. నిజమైన ఇమ్‌హోటెప్ ఈజిప్టులో సక్కారా దగ్గరి మెట్ల పిరమిడ్‌తో ముడిపడిన పేరు, 3వ రాజవంశపు మనిషి. సినిమా అతనికి జోడు కట్టిన రాకుమారి పేరు 18వ రాజవంశంలో టుటంఖమున్ భార్యది. మధ్య 1,200 ఏళ్లకు పైగా దూరం. అంత గొప్ప పేరును శిక్ష పడిన పూజారికి తగిలించడం నాకు అన్యాయమే అనిపిస్తుంది.

కాలీడ్చే మమ్మీ 1940లో 'ద మమ్మీస్ హ్యాండ్'తో వచ్చాడు. పేరు ఖారిస్. గతాన్ని చూపడానికి 1932 దృశ్యాలనే అందులో మళ్లీ వాడుకున్నారు. కార్లాఫ్ పాత్రకు తెలివి, ప్రేమ, మాట ఉన్నాయి. ఖారిస్ పరుల ఆజ్ఞకు కదిలే దేహం మాత్రమే. జనం మనసులో నిలిచింది ఖారిస్ కావడం విచారకరం.

1932 చిత్రానికీ ఒక పెద్ద లోపం ఉంది. ఆ రాకుమారే మళ్లీ పుట్టిన కథానాయిక హెలెన్. ఆమె గత జన్మల దృశ్యాలు చిత్రీకరించి, ఎడిటింగ్‌లో తీసేశారు. ఆ జన్మల వరుస చూపి ఉంటే, చివర్లో ఆమె ఈజిప్టు దేవత ఐసిస్‌ను వేడుకోవడం వెనుక ఎంత కాలపు బరువు ఉందో తెలిసేది. ఇప్పుడున్న రూపంలో హెలెన్‌గా జీటా జోహాన్ ఎంత బాగా నటించినా, ఆ ప్రార్థన హఠాత్తుగా వచ్చినట్టే ఉంటుంది.