ప్రాక్సీ సర్వర్‌లోని హార్డ్ డిస్క్ గారికి

మహారాజశ్రీ హార్డ్ డిస్క్ గారికి, గుంటూరు నుంచి ల్యాబ్ ఇన్‌ఛార్జి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న మధ్యాహ్నం అరవై కంప్యూటర్లలో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీలు ఎక్కిద్దామని రెండింటికి కూర్చున్నాను. ఇంటర్నెట్ నుంచి అన్నీ ప్రాక్సీ సర్వర్ ద్వారానే వస్తాయి గనుక ఒకసారి దిగిన సరుకు తమ దగ్గరే ఉంటుంది, మిగతా యాభై తొమ్మిదింటికీ చిటికెలో అందుతుందని ప్రిన్సిపాల్ గారికి మాట కూడా ఇచ్చాను. ఐదున్నరకు వాచ్‌మన్ తాళాలతో వచ్చేసరికి తమరు పదకొండో కంప్యూటర్ దగ్గర ఉన్నారు.

నిమిషానికి 7200 చుట్లు తిరుగుతారట. గొప్పే. కానీ చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. చదివే హెడ్ కదలాలి, ఆపైన సగటున సగం చుట్టు ఎదురుచూడాలి. చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లయితే సెకనుకు వంద తీయడమే గగనం. ప్రాక్సీని నడిపే స్క్విడ్ అనే ప్రోగ్రాం వాటిని 16 ఫోల్డర్లలో, ఒక్కోదానిలో 256 చొప్పున, మొత్తం 4096 చోట్ల సర్దింది. బ్రాడీపేటలో ఒకే పోస్ట్‌మన్, ఒక ఉత్తరం రెండో లైనులో ఇచ్చి, తరువాతిదానికి ఆ చివరి లైనుకు, మళ్లీ రెండో లైనుకు!

పైగా చదివిన ప్రతి ఫైలుకూ చదివిన వేళ రాసుకునే పాతకాలపు అలవాటొకటి. చదవమంటే రాస్తారేమిటండీ? 'నోఎటైమ్' అనే సెట్టింగ్ పెట్టి ఆ గుమాస్తాగిరీ మాన్పించాను. ఇంకో రెండు డిస్కులు చేర్చి ఒకటి పోయినా డేటా నిలిచేలా కలిపే రెయిడ్ 5 కట్టమన్న మహానుభావుడి మాట విననందుకైనా తమరు సంతోషించాలి. చిన్న రాతకు రెండుసార్లు చదివి రెండుసార్లు రాయవలసి వచ్చేది.

ఇవన్నీ సహించాను. కానీ నువ్వు వెతుకుతున్నంతసేపూ స్క్విడ్ మొత్తం ఎందుకు ఆగాలి? నీతో పనే లేని ఆఫీసు వాళ్ల పేజీలూ ఆగాయి, మెమరీలో సిద్ధంగా ఉన్నవీ ఆగాయి. బెజవాడ అవుటర్‌లో గూడ్సు నిలిస్తే వెనక ఎక్స్‌ప్రెస్‌లన్నీ నిలబడినట్టు! సిగ్గుండాలి!

ఆ కోపంతోనే రాత్రి కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచాను. దిగిన ఫైళ్లను డిస్కులో ఎలా దాచాలో చెప్పే క్యాష్ డైరెక్టరీ వరసలో 'యూఎఫ్ఎస్' అని ఉంది. అలా ఉంటే డిస్కు పని అయ్యేదాకా స్క్విడ్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 'ఏయూఎఫ్ఎస్' అంటే ఆ ఎదురుచూపును థ్రెడ్లనే పక్క పనివాళ్లకు అప్పగించి తన పని తాను చూసుకుంటుంది. తేడా ఒక్క 'ఏ'. సర్వర్ పెట్టిన రోజు ఆ వరస రాసింది నేనే.

చేర్చాను. నువ్వు ఎప్పటిలాగే గరగరలాడుతున్నావు, ఆఫీసు వాళ్ల ఫోన్లు మాత్రం ఆగాయి. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ డిస్కు కొంటామని మేనేజ్‌మెంట్ రెండు సంక్రాంతుల నుంచి చెబుతోంది. అంతదాకా ఓపిక పట్టు నాయనా. ఇంకా నలభై తొమ్మిది ఉన్నాయి, రెండింటికి వస్తాను.